యాదగిరన్నకు చలి పెట్టిన మధ్యాహ్నం

ల్యాబ్‌లో కణాలను పెంచడం నా పని. మైక్రోస్కోపు కింద కనిపించనిదాన్ని నమ్మే అలవాటు లేదు. దయ్యాల మాట వస్తే నవ్వి లేచిపోయేవాణ్ని. ఇప్పుడూ అవి ఉన్నాయని చెప్పబోవడం లేదు. యాదగిరన్న గురించి నేనొక అబద్ధం చెప్పాను. దాన్ని సరిచేయాలంటే నాకు అర్థంకాని సంగతి కూడా చెప్పక తప్పదు.

యాదగిరన్న మా యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంటమనిషి. చదువుకునే రోజుల్లో ఆయన వండిందే తిన్నాను. చాలా ఏళ్ల తర్వాత నేను అదే క్యాంపస్‌లో పనిచేస్తుండగా ఆయనకు కిడ్నీ క్యాన్సర్ వచ్చింది. కిడ్నీ తీసేసినా జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. మందులు పనిచేయడం మానేశాయి.

అప్పుడు మేము ఒక ఆసుపత్రితో కలిసి క్యాన్సర్ టీకా మీద పరిశోధన చేస్తున్నాం. రోగి రక్తంలోంచి రక్షణ కణాలను తీసి పెంచుతాం. అతని కణితి ముక్కతోనే వాటికి శత్రువును గుర్తుపట్టడం నేర్పి, తిరిగి అతనికే ఎక్కిస్తాం. యాదగిరన్న ఒప్పుకున్నాడు.

“అంటే నా పోలీసోళ్లు నీ తాన ట్రైనింగ్‌ల ఉంటరన్నట్టు,” అన్నాడు రక్తం ఇచ్చిన రోజు. “మంచిగ తిండి పెట్టు తమ్మీ. నీళ్ల పప్పు పోసినవనుకో, లొల్లి చేస్తరు. మీరు నన్ను సతాయించినట్టే.”

కణాలు బాగా పెరిగాయి. ఈ మాట స్పష్టంగా రాస్తున్నాను.

దసరా ముందురోజు ల్యాబ్‌లో ఆయుధపూజ చేశాం. ఏటా యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి బంతిపూల దండలు వేస్తాం. కణాలున్న ఇంక్యుబేటర్‌కు దండ కట్టింది నేనే. ఎప్పుడూ మనిషి ఒంటి వేడితో ఉండాల్సిన పెట్టె అది. కణాలను చివరిసారి చూసి తలుపు మూశాను. మూసుకుందనే అనుకున్నాను. తార్నాకలో ఇంటికి వచ్చేశాను.

పండుగ మధ్యాహ్నం భోజనానికి కూర్చోగానే యాదగిరన్న భార్య సత్తెమ్మ మౌలాలి నుంచి ఫోన్ చేసింది.

“సారూ, ఈయన గజగజ వణుకుతుండు. జరం లేదు. తలుపు తీసున్నది, మూయుమని ఒక్కటే మొత్తుకుంటుండు. అన్ని తలుపులు మూసే ఉన్నయి సారూ.”

వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. “ఇంటి తలుపు గాదే! తమ్మికి చెప్పు, ఆడికి పోయి మూస్తడు!”

జబ్బు ముదిరి ఏదో మాట్లాడుతున్నాడనుకున్నాను. దుప్పటి కప్పమన్నాను. క్యాంపస్ మా ఇంటికి నడిచిపోయేంత దూరం. కంచంలో మటన్ వడ్డించారు. వెళ్లలేదు.

సెలవు అయ్యాక చూస్తే దండ దారం తలుపు రబ్బరులో ఇరుక్కుని ఉంది. సన్నటి సందు. పూజ రోజు రాత్రంతా పెట్టెలోని హీటర్ ఎలాగో నెట్టుకొచ్చింది. యంత్రం రికార్డు ప్రకారం వేడి పడిపోవడం మొదలైంది ఆ ఫోన్ వచ్చిన వేళకే. అలారం మోగే ఉంటుంది, వినడానికి ఎవరూ లేరు. కణాలన్నీ చచ్చిపోయాయి.

నేను దండ తీసి పారేసి, కణాలు పెరగలేదని చెప్పాను. కొందరివి నిజంగానే పెరగవు కాబట్టి అందరూ నమ్మారు. మళ్లీ కణాలు తీస్తే ఆయన తట్టుకోలేడన్నారు డాక్టర్లు.

“నా రక్తంలనే సత్తువ లేకపాయె గదా తమ్మీ,” అన్నాడు యాదగిరన్న ఆసుపత్రి మంచం మీద. నేను తలూపాను.

మళ్లీ ఆయనే అడిగాడు. “గా తలుపు మూసినవా?”

“మూశానన్నా.”

“మంచిగైంది. ఇంకెవరి పోలీసోళ్లన్న ఉంటరు గాడ.”

కొద్ది రోజులకే పోయాడు.

ఆయన రక్తంలో ఏ లోపమూ లేదు. తప్పు నాది. ఈమధ్యే ల్యాబ్‌లో ఒప్పుకున్నాను. మౌలాలి వెళ్లి సత్తెమ్మకూ చెప్పాను. ఆమె తిట్టలేదు.

“ఆయన చెప్పనే చెప్పిండు గద సారూ,” అంది. “మీరే ఇనలే.”

యాదగిరన్న ఆ ల్యాబ్‌లో ఏనాడూ అడుగుపెట్టలేదు. ఆ పెట్టెకు తలుపుంటుందని కూడా నేను చెప్పలేదు. ఒంటిలోంచి బయటికి తీసిన కణానికి ఆ ఒంటితో ఇక ఏ సంబంధమూ ఉండదని విద్యార్థులకు ఇప్పటికీ పాఠం చెబుతున్నాను. మరి ఆయనకు చలి ఎందుకు పెట్టిందో నాకు తెలియదు.