తెగిన చుక్కల గీతలు

మా బావ పోయాడు. రాయగడలో ఫొటో స్టూడియో నడిపిన మనిషి, మా అక్క మొగుడు. కబురు విన్నవాళ్లలో కొందరు "పాపం" అన్నారు, కొందరు "ఆ నోరు మూతపడిందా" అన్నారు. రెండోవాళ్లే ఆయన్ని బాగా ఎరుగుదురు.

ఆయన నోటికి జాలి లేదు. పోయిన పెద్దాయనకి దండెయ్యడానికి ఫొటో లేదని ఎవరైనా ఏడుస్తూ స్టూడియోకి వస్తే, "బతికున్నప్పుడు తీయించడానికి సెయ్యి రానేదు, ఇప్పుడేటి ఏడుపు?" అనేవాడు. అనేసి, ఏ పెళ్లి ఫొటోలోనో మూలనున్న ఆ ముఖాన్ని వెతికి పట్టుకుని, పెద్దది చేసి ఇచ్చేవాడు. మునిసిపాలిటీలో నీళ్ల పంపు తిప్పుకునే నాకు కెమెరా పట్టించింది ఆయనే. అయినా నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఆయనకి చుక్కల పిచ్చి. కెమెరాని స్టాండు మీద కదలకుండా పెట్టి, ఒకదాని వెంట ఒకటి ఫొటోలు తీసి, అన్నీ కలిపితే ధ్రువనక్షత్రం చుట్టూ తిరిగే చుక్కలు గీతలుగా పడతాయి. "గీత తెగకూడదురా. తెగిందంటే అది సుక్క కాదు, గోకుడు" అనేవాడు.

షుగరు ఆయన కళ్లని తినేసింది. ఉన్న కాస్త చూపూ పోకముందే, రామనగుడ అవతల గుట్ట మీద తెగని గీతలతో ఒక్క ఫొటో తియ్యాలని పట్టుబట్టాడు. పోయిన చలికాలం జీపు మాట్లాడుకుని వెళ్లాం.

"ఫోకసు సేత్తో తిప్పు. పెద్ద సుక్క సూదిమొనంత అయ్యేదాకా తిప్పు. అయ్యిందేటి?"

"అయ్యింది బావా."

"లెన్సు పూర్తిగా తెరువు. ముప్పై సెకండ్లు. ఐఎస్‌ఓ పదహారు వందలు. మెనూలో నాయిస్ తగ్గించేది, అదే ఫొటో మీద రవ్వలు తుడిచేది ఒకటుంటాది, అది ఆపేసుందేటి సూడు."

కెమెరా అప్పుడే రిపేరు నుంచి వచ్చింది. సెట్టింగులన్నీ మొదటికి వచ్చేశాయి. నాకు తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు, ఇంగ్లీషు రాదు. అంకెలు మాత్రం పోల్చుకుంటాను. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆయనకి తెర మీద అక్షరాలు ఆనవని నాకూ తెలుసు. "ఆపేసే ఉంది" అన్నాను. ఆయన తెర దగ్గరికి ముఖం వంచి, చూసినట్టే చూసి, "ఊఁ" అన్నాడు.

చలికి ఆయన్ని జీపులో కూర్చోబెట్టి అద్దాలెత్తేశాను. కెమెరా పక్కనే ఉండుంటే, టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎడం విని తేడా పట్టేసేవాడు.

ఇంటికొచ్చాక మా మేనకోడలు ఫొటోలన్నీ కంప్యూటర్లో కలిపింది. గీతలన్నీ ముక్కలే. ఆ నాయిస్‌ది ఆపకపోతే, తీసిన ప్రతి ఫొటో తరవాతా కెమెరా మళ్లీ అంతసేపు కన్ను మూసుకుంటుందట. ఈలోగా చుక్క ముందుకు పోతుంది.

"బాగొచ్చిందని సెప్పీ మావయ్యా, నాన్నకేటి కనపడతాది?" అంది మేనకోడలు గొంతు తగ్గించి.

చెప్పలేదు. ఉత్తుత్తి మెప్పు ఆయన నాకెప్పుడూ ఇవ్వలేదు, నేనూ ఇవ్వను.

"ముక్కలైపోయింది బావా."

"సదవలేనని సెప్పడానికి నీకేటి రోగం?"

"కనపడ్డం నేదని సెప్పడానికి నీకేటి?"

"ఇద్దరికీ సిగ్గు నేదు" అంది లోపల్నుంచి మా అక్క.

మళ్లీ వెళ్దామనుకున్నాం. ముందు వానలు, తరవాత కాలికి పుండు, ఆ తరవాత ఆసుపత్రి. చూపు పూర్తిగా పోయింది. ఇంక ఆ గుట్ట ఎక్కలేదు.

పోయే ముందు, ఆ ఫొటోనే పెద్ద కాగితం మీద వేయించి తెమ్మన్నాడు. మంచం మీద పరచమని, తన వేలు పట్టుకుని గీత వెంట నడిపించమన్నాడు.

"తెగినకాడ సెప్పు."

"ఇక్కడ" అన్నాను. వేలెత్తాడు. "ఇప్పుడు పెట్టు." పెట్టాడు. "ఇక్కడ." ఎత్తాడు. గీత ఎంతో ఖాళీ అంతే. ఇంకో తెగుడు దగ్గరికి వచ్చేసరికి, నేను నోరు తెరవకముందే ఆయన వేలు కాగితం మీంచి లేచింది. ఆ తరవాత నేను చెప్పే పని లేకపోయింది. ఆ వేలు ఆనుతూ, లేస్తూ, ధ్రువనక్షత్రం చుట్టూ తనంతట తనే వంగుతూ పోయింది.