ఎస్తేరు ఎడమ చెవి

"నాకు ఈ పక్క ఇనపడటంలా మేస్త్రీ" అని ఎస్తేరు చెప్పిన రోజు క్రషర్ దగ్గర అందరూ నవ్వారు. ముందుగా నవ్వింది మేస్త్రీయే.

"మంచిదేగా! నా తిట్లు ఇకమీద సగమే నీకు" అన్నాడు.

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వేసి, తట్ట ఎత్తుకుని మళ్ళీ అదే చోట నిలబడింది. రాళ్ళను నమిలే యంత్రం ఆమె ఎడమ పక్కనే ఉంటుంది. పొద్దస్తమానం దాని మోత ఆ చెవిలోనే.

చెయ్యి తెగితే నెత్తురు కారుతుంది, ఎవరో ఒకరు ఆటో పిలుస్తారు. చెవి పోతే పైకి ఏమీ కనపడదు. అందుకే ఆ చెవికి ఎవరూ జవాబుదారీ కాలేదు. ఎస్తేరు కూడా ఎవరినీ నిలదీయలేదు. దుమ్ముకైతే తలగుడ్డ చుట్టుకోవాలని తల్లి ప్రేమలత నేర్పింది. చప్పుడుకు అడ్డం పెట్టుకునేవి ఉంటాయనీ, వాటిని యజమానే ఇవ్వాలనీ ఆ తల్లికి మాత్రం ఎవరు చెప్పారు గనక? వాళ్ళుండే పిడుగురాళ్ల శివారు కాలనీలో సగం ఇళ్ళు అట్లా సున్నపురాయి మీద బతికేవే.

ఎస్తేరు ఇంటర్ మధ్యలో మానేసి తల్లితో పాటు క్రషర్‌కు వెళ్ళింది. తర్వాత నరసరావుపేటలో ఒక బట్టల షాపులో చేరింది. ఎడమ వైపు నుంచి ఎవరైనా "అమ్మాయ్, ఆ చీర తియ్యి" అంటే పలికేది కాదు. "ఏం పొగరయ్యా మీ పిల్లకి!" అని గిరాకీలు ఫిర్యాదు చేశారు. నాకు చెవి వినపడదండీ అని చెప్పుకుంది. "మరి కౌంటర్లో ఎట్టా పెట్టుకునేది తల్లీ?" అని షాపాయన మర్నాటి నుంచి రావద్దన్నాడు. నిజం చెబితే పని పోతుందని ఆ పిల్లకు ఆ రోజు అర్థమైంది. మళ్ళీ ఎక్కడా చెప్పకూడదనుకుంది.

కంప్యూటర్ నేర్చుకుని పిడుగురాళ్లలోనే అభిరామ్ నడిపే వీడియో స్టూడియోలో మిక్సింగ్ పనికి కుదిరింది. పెళ్ళిళ్ళు, ఫంక్షన్ల వీడియోలు కత్తిరించి, పాటలు కలిపి, సౌండు సరిచేసే పనిని మా వైపు మిక్సింగ్ అంటారు. చేరిన రోజే తన బల్లను ఎడమ గోడకు ఆనించి వేయించుకుంది.

"అక్కడ ఉక్కపోత కదమ్మాయ్" అన్నాడు అభిరామ్.

"నాకు గోడ పక్కనైతేనే పని సాగుద్దన్నా" అంది.

ఇక ఎవరు పిలిచినా కుడి వైపు నుంచే పిలవాలి. అట్లా రెండేళ్ళు గడిచాయి. ఆమె చెవి సంగతి స్టూడియోలో ఎవరికీ తెలియలేదు.

పని బాగా చేసేది. కంప్యూటర్‌లో ప్రతి వీడియో ముక్క కిందా దాని సౌండు ముక్క ఉంటుంది, దాని మధ్యలో సన్నటి గీత. గీతను మౌస్‌తో పట్టి పైకి లాగితే సౌండు పెరుగుతుంది, కిందికి దించితే తగ్గుతుంది. ఒక్క చోటే తగ్గాలంటే గీత మీద చుక్కలు పెట్టి, వాటి మధ్య గీతను గుంటలాగా వంచాలి. పంతులుగారి మంత్రం దగ్గర పాట ఆ గుంటలోకి దిగి, మంత్రం అయ్యాక మళ్ళీ ఒడ్డెక్కుతుంది. పక్కన ఎడమ సౌండుకొకటి, కుడి సౌండుకొకటి రెండు పచ్చ పట్టీలు లేస్తూ పడుతూ ఉంటాయి. మోత మితిమీరితే ఎర్రబడతాయి. ఎర్రబడ్డాయా లేదా అన్నంత వరకే ఎస్తేరు వాటి వంక చూసేది. తక్కిందంతా కుడి చెవి మీద నమ్మకం.

ఆ నమ్మకమే ఈపూరు వాళ్ళ నిశ్చితార్థం వీడియోలో ఆమెను దెబ్బతీసింది.

పెళ్ళికూతురు సాయి ప్రియ. ఆమె నాయనమ్మ సుశీలమ్మ నలుగురు మగవాళ్ళున్న చోట నోరు విప్పి ఎరగదు. ఆ రోజు మనవరాలు పట్టుబట్టి మాట్లాడించింది. అభిరామ్ ఆమె కొంగుకు ఈ మధ్యే కొన్న చిన్న కాలర్ మైకు తగిలించాడు. మామూలుగా రెండు వైపులా ఒకే సౌండు పడుతుంది గానీ, ఇది తగిలిస్తే అందులో పలికిన మాట ఎడమ సౌండులోకి పోతుంది. కెమెరాకున్న మైకు సౌండు కుడి వైపు పడుతుంది. అప్పుడప్పుడూ కాలర్ మైకు మొరాయించేది. అట్లాంటప్పుడు కుడి సౌండునే రెండు వైపులా వేసెయ్యమని అభిరామ్ ముందే చెప్పి ఉన్నాడు.

ఎస్తేరు హెడ్‌ఫోన్ పెట్టుకుని వింది. మేళం, పిల్లల కేకలు, ఆ మోతలో ఎక్కడో ముసలామె గొణుగుడు. మైకు మొరాయించినట్టుంది అనుకుంది. ఎడమ సౌండు తీసేసి కుడిదే రెండు వైపులా వేసింది. వినపడని మాటను చూపించడం దేనికని ఆ చోట ఒక సినిమా పాట పెట్టి పంపించేసింది.

నెల తిరక్కముందే సుశీలమ్మ నిద్రలోనే పోయింది. పెద్దకర్మ ఇంకా రెండు రోజులుందనగా సాయి ప్రియ, తండ్రి శ్రీమన్నారాయణ స్టూడియోకు వచ్చారు.

"ఏమయ్యా, మా అమ్మ మాట్లాడితే పాటేశారేంది? పాటలు మాకు సెల్లులో లేవా?" అన్నాడాయన గుమ్మంలోనే.

అభిరామ్ కుర్చీలోంచి లేచాడు. "మైకు పనిచేసుండదు బాబాయ్. ఒక్కోసారి అంతే. మా చేతిలో ఏముంది?"

"మైకు లైటు వెలుగుతానే ఉంది. నేను పక్కనే కూర్చున్నా" అంది సాయి ప్రియ. "పెద్దకర్మ రోజు ఆ మాటలే నలుగురికీ ఇనిపిద్దామనుకున్నామన్నా. నాయనమ్మ గొంతు ఇంక యాడా లేదు."

ఎస్తేరు గోడ పక్కన కూర్చుని వింటూనే ఉంది. నేరం మైకు మీదికి పోయింది. నోరు మూసుకుంటే ఇంతటితో సరి, ఉద్యోగం పదిలం. వాళ్ళు ఉసూరుమంటూ వెళ్ళిపోతారు. కానీ లైటు వెలిగిందని ఆ పిల్ల అన్న మాట విని కంప్యూటర్ వైపు తిరిగింది.

డిస్కు నిండితే తప్ప పాతవి చెరిపే అలవాటు స్టూడియోలో లేదు. అసలు వీడియో తెరిచింది. కుడి సౌండు గీతను అట్టడుగుకు దించేసింది. హెడ్‌ఫోన్‌లో ఆమెకు చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. ఎడమ పట్టీ మాత్రం లేస్తోంది, ఆగుతోంది, మళ్ళీ లేస్తోంది. మేళమైతే అట్లా ఆగి ఆగి లేవదు. అది మాట.

హెడ్‌ఫోన్ తీసి, అటుది ఇటు తిప్పి పెట్టుకుంది.

"ఒసేయ్ పిల్లా, వంటొచ్చని మొదట్నాడే చెప్పమాక. చెప్పావంటే నన్ను పట్టుకున్నట్టే ఆ పొయ్యి నిన్నూ పట్టుకుంటది. ముందు నీ సదువు సంగతి చెప్పు..."

ఎస్తేరు లేచి నిలబడింది. "చెల్లీ, ఇట్టా రా" అని హెడ్‌ఫోన్ సాయి ప్రియ తలకు పెట్టింది. ఆ పిల్ల ముందు కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకుండానే వెక్కి వెక్కి ఏడ్చింది.

అభిరామ్ కూడా విన్నాడు. "ఇంత చక్కగా ఇనపడతంటే నీకెందుకు ఇనపళ్ళా? అయినా హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకుంటావేంది?"

"నాకు ఎడమ చెవి పోయిందన్నా. క్రషర్లో. మీకు చెబితే పనిలో పెట్టుకోరని చెప్పలా."

శ్రీమన్నారాయణ ఊరుకోలేదు. "బాగుందయ్యా! చెవిటి పిల్లని పెట్టుకుని సౌండు పనులా?"

"నాన్నా!" అని కసిరింది సాయి ప్రియ. "అక్క ఇప్పుడు నోరు తెరవకపోతే నాయనమ్మ మాట దొరికేదా?"

ఎస్తేరు సంచీ భుజాన వేసుకుంది. అభిరామ్ మొహం ఎర్రగా ఉంది. "యాడికి పోతన్నావ్? ఎల్లుండికి వాళ్ళకి వీడియో ఎవరిస్తారు? ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని అరిచాడు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని ఆమె కంప్యూటర్‌లో ఏదో వెతికాడు. రెండు వైపుల సౌండునూ కలిపి రెండు చెవులకూ ఒకేలా వినిపించే టిక్కు ఒకటి అందులోనే ఉంది. అది పెట్టేశాడు.

"ఇకనుంచి ఏ వీడియో అయినా పంపే ముందు ఇంకొకళ్ళు ఒకసారి ఇనాల. నేనైనా సరే. అంతే" అన్నాడు.

ఎస్తేరు ఆ పూటంతా సుశీలమ్మతోనే కూర్చుంది. ముసలామె నోరు తెరిచిన చోటల్లా మేళం గీత కిందికి వంచింది. ఆమె ఊపిరి తీసుకున్న చోట కొద్దిగా పైకి వదిలింది. సినిమా పాటను మొత్తంగా తీసిపారేసింది. పెద్దకర్మ నాడు ఈపూరులో ఆ మాటలు విని ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటూ నవ్వారట. సాయి ప్రియ ఫోన్ చేసి చెప్పింది.

తన చెవి సంగతి బయటపడ్డాక ఎస్తేరుకు తల్లి చెవులు గుర్తొచ్చాయి. ప్రేమలత ఇంకా క్రషర్‌కే వెళ్తోంది. ఇంట్లో టీవీ పెడితే వీధి చివరికి వినపడుతుంది. "నీ నోరే చిన్నదైందే, గట్టిగా చెప్పి ఏడువు" అని కూతురినే తిట్టేది. ఎస్తేరు ఆమెను వెంటబెట్టుకుని నరసరావుపేటలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఇద్దరికీ పరీక్ష చేశారు. ప్రేమలతను చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, కూత వినపడగానే చెయ్యెత్తమన్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. చానాసేపయ్యాక తలుపు తీస్తే, "ఎప్పుడు మొదలెడతారు డాక్టరుగారూ?" అని అడిగింది.

పరీక్ష అప్పటికే అయిపోయింది.

మోతకు పోయిన చెవి తిరిగి రాదనీ, మిగిలిందాన్నయినా కాపాడుకోవాలంటే పని చేసేటప్పుడు చెవులకు అడ్డం పెట్టుకోవాలనీ డాక్టరు చెప్పాడు. ప్రేమలత మర్నాడు క్రషర్‌కు వెళ్ళి, చెవులకు పెట్టుకునేవి ఇప్పించమని జీవితంలో మొదటిసారి అడిగింది. "చూద్దాంలే" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

చదువుతున్న మీకు ఒక మాట. మోతలో చేసే పని వల్ల వచ్చే చెవుడును పని తెచ్చిన జబ్బుగా మన చట్టమే ఒప్పుకుంది. కార్మికుడి చెవులకు రక్షణ ఇవ్వడం యజమాని దయాధర్మం కాదు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో క్రషర్‌కు, పత్తి మిల్లుకు, సున్నపు బట్టీకి వెళ్ళే మనిషి ఉంటే ఈ వారమే వాళ్ళ వెనక నిలబడి, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. పలక్కపోతే చెవి పరీక్షకు తీసుకెళ్ళండి. ఆ కాగితం పట్టుకుని యజమాని దగ్గరికి వాళ్ళతో పాటు మీరూ నడవండి. ఒక్క ఆడమనిషి అడిగితే చూద్దాంలే అంటారు. పదిమంది గుమ్మం ముందు నిలబడి అడిగితే ఆ మాట అనడం కష్టం.