కబురు రాని నెత్తురు

రాజోలు నుంచి అమలాపురం వెళ్ళే రోడ్డు పక్క గోడల మీద ఆ రోజుల్లో అందరికంటే ఎక్కువసార్లు కనిపించిన పేరు ఏ నాయకుడిదీ కాదు, సాలమోనుది. ఎరువుల ప్రకటన కిందా, సువార్త సభల ప్రకటన కిందా, కాలేజీల ప్రకటన కిందా కుడి మూలన చిన్న అక్షరాలతో "సాలమన్ ఆర్ట్స్, తాటిపాక" అని ఉండేది. మనిషి సన్నగా పొడుగ్గా, చొక్కా నిండా రంగు మరకలతో ఉండేవాడు. మాట తక్కువ, అక్షరం మాత్రం అచ్చు గుద్దినట్టు పడేది. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి రాహేలమ్మ హాస్టల్లో వంట చేసి పెంచింది. పెళ్ళి మాటెత్తితే "చూద్దాంలేవే" అంటూ ముప్పై దాటించాడు. ఆవిడ ప్రతి ప్రార్థన కూటంలోనూ ఆ సంగతే దేవుడికి విన్నవించుకునేది. దేవుడికి అసలు సంగతి తెలుసు గనక ఊరుకునేవాడు.

అసలు సంగతి వీరబాబు. మైకు సెట్టూ, సీరియల్ లైట్లూ అద్దెకిచ్చేవాడు. సభ ఎవరిదైనా బ్యానరు సాలమోనుది, మైకు వీరబాబుది. తొంభై ఆరు తుపానుకి వీరబాబు షాపు రేకులు ఎగిరిపోతే సామానంతా తెచ్చి సాలమోను రంగుల షెడ్డులో పెట్టాడు. కాపలాకని తనూ అక్కడే పడుకున్నాడు. షాపుకి కొత్త రేకులు వేశాక కూడా ఆ కాపలా మానలేదు. ఇద్దరికీ అదొక సుఖం, ఒక ధైర్యం. ఇష్టమని నోటితో మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

తొంభై తొమ్మిదిలో వీరబాబుకి ఓడలరేవు పిల్ల దుర్గాభవానితో పెళ్ళయింది. పందిరికి "స్వాగతం" బ్యానరు సాలమోనే రాశాడు. ఆ వారమంతా కొడుక్కి అన్నం సయించలేదని రాహేలమ్మ కంగారుపడింది. కొన్ని నెలలు పోయాక వీరబాబు మళ్ళీ షెడ్డుకి రావడం మొదలుపెట్టాడు. భవాని సాలమోనుని నోరారా "అన్నయ్యగారూ" అని పిలిచేది, ఆదివారాలు కూర గిన్నె పంపేది. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని ఇతను అందులో నాలుగు అరటిపళ్ళు పెట్టి పంపేవాడు. ఆ అమ్మాయికి అంతకంటే ఏం చెయ్యగలడో అతనికి తోచేది కాదు.

ఆ ఏడాదుల్లోనే ఎయిడ్స్ గోడలెక్కింది. ఆరోగ్య కేంద్రాల గోడలూ, బస్టాండ్లూ, రేవులూ రాసే పని సాలమోనుకి దొరికింది. ఏం రాయాలో కాగితం మీద ఇచ్చేవారు: "పరాయి స్త్రీ పొందు, ప్రాణానికి ముప్పు." పక్కన బొమ్మ, కొంగు జారిన ఆడమనిషి, ఆమె వెనక పుర్రె. ఆ ఆడమనిషిని సాలమోను ఎన్ని గోడల మీద వేశాడో అతనికే తెలియదు. చీర రంగు మార్చేవాడు, అంతే. అన్ని గోడల్లో ఒక్క గోడ మీదయినా ఇద్దరు మగవాళ్ళ సంగతి లేదు. ఎలా ఉంటుంది? అలాంటి మనుషులు కోనసీమలో ఉన్నారని రాయించిన పెద్దలకి తెలియదు, తెలిసినా గోడ మీద పెట్టడానికి మొహం చెల్లదు. ఒళ్ళు మండేది అక్కడే. జనాన్ని భయపెట్టడానికి ఆడదాని కొంగు దొరికింది గానీ, జబ్బు ఎలా వస్తుందో తిన్నగా చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

గోడ చెప్పనిదాన్ని సాలమోను తనకి అనుకూలంగా చదువుకున్నాడు. జబ్బు ఆడవాళ్ళ దగ్గరికి పోయేవాళ్ళది, తను జన్మలో పోలేదు. ఆరోగ్య కేంద్రం నర్సు ఒక నిరోధ్ పెట్టె చేతిలో పెడితే తెచ్చి షెడ్డు అటక మీద పడేశాడు. వీరబాబు అది చూసి పడీ పడీ నవ్వాడు.

"మనకేవన్నా పిల్లలు పుడతారేంట్రా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నిరోధ్ అంటే పిల్లలు పుట్టకుండా వాడేదని తప్ప వాళ్ళకి ఇంకేమీ తెలియదు. ఆ పెట్టె విప్పనైనా విప్పలేదు.

వీరబాబు రాని నెలల్లో సాలమోను రంగులు కొనే మిషతో రాజమండ్రి వెళ్ళి, గోదావరి గట్టున తనలాంటి కొందరిని కలిసేవాడు. వాళ్ళలో పోలిరాజు అని సెలూను నడిపే మనిషి ఒకడు. రెండువేల ఒకటిలో వెళ్ళేసరికి సెలూను మూసి ఉంది. పక్క టీకొట్టు ఆయన్ని అడిగాడు.

"ఎముకల గూడైపోయి చచ్చిపోయేడండి. ఆ జబ్బేనంట," అన్నాడాయన గ్లాసులు కడుగుతూ.

పోలిరాజు ఆడవాళ్ళ జోలికి పోయే మనిషి కాదని సాలమోనుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గోడ అబద్ధం చెప్పిందని ఆ క్షణాన అర్థమైంది. రంగులు కొనకుండానే బస్సెక్కి ఇంటికొచ్చేశాడు.

పరీక్ష చేయించుకోవచ్చు. ఆసుపత్రిలో అందుకోసమే ఒక గది పెట్టారు, దాని బోర్డు రాసిందీ సాలమోనే. ఆ పూటంతా స్టూలెక్కి ఎర్ర రిబ్బను గుర్తు దిద్దుతూ కింద జరిగేదంతా చూశాడు. ఎదురుగా బెంచీల మీద ఓపీ చీటీల జనం. ఎవరు ఆ గదిలోకి అడుగుపెట్టినా బెంచీలన్నీ తలలు తిప్పేవి. "ఆ అబ్బాయి ఫలానా వాళ్ళబ్బాయి కాదూ?" అని ఒకావిడ అననే అంది. గది ముందు కూర్చునే ఆయా సాలమోను వాళ్ళ చర్చిలో పాటలు పాడే మనిషి. ఆ గుమ్మం తను తొక్కేది లేదని స్టూలు దిగకముందే నిశ్చయించుకున్నాడు.

అలాంటప్పుడు ఇంకో దారి కనబడింది. సినిమా హీరోల పుట్టినరోజులకి అభిమాన సంఘాలు రక్తదాన శిబిరాలు పెట్టడం అప్పట్లో జోరు మీద ఉంది. బ్యానరు కట్టడానికి వెళ్ళినప్పుడు సంఘం అధ్యక్షుడు సత్యం గొప్పగా చెప్పాడు.

"ఊరికే ఎక్కించేస్తారేంటండీ? అన్ని పరీక్షలూ చేస్తారండి, ఎయిడ్సుతో సహా."

"తేడా ఉంటేనో?"

"ఉంటే చెప్పరేంటండీ! ఇంటికి కబురెట్టేస్తారు."

సత్యం తెలిసి చెప్పలేదు, తోచింది చెప్పాడు. సాలమోను మంచమెక్కి చెయ్యి చాపాడు. ఇక్కడ చెవులు కొరుక్కునేవాళ్ళు లేరు, పైగా చప్పట్లు కొట్టారు. అరటిపండూ బిస్కెట్ ప్యాకెట్టూ చేతిలో పెట్టారు. ఆ తర్వాత షెడ్డు ముందు ఎవరి సైకిలాగినా కుంచె వదిలేసి బయటికొచ్చి చూసేవాడు. ఎవరూ రాలేదు. నెల తిరిగినా కబురు రాలేదు. అప్పుడు సాలమోను కడుపునిండా అన్నం తిని, కంటినిండా నిద్రపోయాడు.

ఇక ఏటా అదే పరీక్ష. పరీక్ష మాట అటుంచి, తన నెత్తురు ఎవరికో ప్రాణం పోస్తోందన్న ఊహ కూడా బాగుండేది. దాచుకోవలసిందే తప్ప చెప్పుకోదగ్గది లేని బతుకులో అదొక్కటీ చెప్పుకోదగ్గదిగా కనిపించేది. వీరబాబు ఒకసారి భయపడి అడిగితే ధైర్యంగా చెప్పాడు.

"ఏటా ఇస్తన్నానా లేదా? ఉంటే ఈపాటికి పిలిపించేవోరు కదరా."

"నీకు లేదంటే నాకూ లేనట్టే," అన్నాడు వీరబాబు. మళ్ళీ ఆ ప్రసక్తి రాలేదు.

ఈలోగా భవాని కువైట్ వెళ్ళి వచ్చింది. కూతురు సాయిదుర్గని అత్తగారు పైడమ్మ చేతిలో పెట్టి, రెండేళ్ళు అరబ్బుల ఇంట్లో చాకిరీ చేసింది. ఆ కష్టంతోనే వీరబాబుకి జనరేటరు వచ్చింది, పాక పోయి శ్లాబు ఇల్లు లేచింది. రెండువేల అయిదులో మళ్ళీ నెల తప్పింది. ఆసుపత్రిలో గర్భిణులందరికీ చేసే రక్తపరీక్ష ఆమెకీ చేశారు. తర్వాత మొగుణ్ణి పిలిపించి అతనికీ చేశారు. ఇద్దరికీ జబ్బుంది.

సంగతి నాలుగు గోడల మధ్య ఆగలేదు. చుట్టాల్లో పెద్దవాళ్ళు వీరబాబు అరుగు మీద చేరారు. ఇంటిమనిషి లాంటివాడని సాలమోనుకీ కబురు పెట్టారు. తీర్పు వాళ్ళు కూర్చోకముందే అయిపోయింది. కువైట్ నుంచి తెచ్చింది, ఇంకెక్కణ్ణించి వస్తుంది? భవాని గుమ్మంలో నిలబడి, కడుపు మీద చెయ్యేసుకుని, ఏడవకుండా మాట్లాడింది.

"ఎళ్ళేముందు మెడికల్ చేసేరండి. దిగేక అక్కడా నెత్తురు తీసేరు, ఏ జబ్బూ లేదన్నారు. ఆ ఇంటి గేటు దాటి ఎరగనండి, ముసలావిడ మంచం పక్కనే పడుకున్నాను రెండేళ్ళూ. నన్నడిగినట్టే ఈయన్ని కూడా ఒక్క మాట అడగండి."

వీరబాబు తలెత్తలేదు. పెద్దలు అతన్ని అడగనూ లేదు. పైడమ్మే అందుకుంది.

"నా కొడుకు ఎక్కడికెళ్ళేడండీ? ఇల్లు దాటితే సాలమోను షెడ్డుకే. ఆ అబ్బాయి ఇక్కడే ఉన్నాడు, అడగండి."

అందరూ సాలమోను వైపు తిరిగారు. "నిజవేనా?" అన్నాడు ఒక పెద్దాయన.

"ఆయ్," అన్నాడు సాలమోను. "నిజవేనండి."

అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ నిజంతోనే భవానిని ఆ ఇంట్లోంచి గెంటినట్టయింది. మర్నాడే ఆటో ఎక్కించి ఓడలరేవు పుట్టింటికి పంపేశారు. అయిదేళ్ళ సాయిదుర్గని మాత్రం పంపలేదు, అలాంటి తల్లి దగ్గర పిల్ల ఎందుకన్నారు. ఆటో వెనక పిల్ల ఏడుస్తూ పరుగెత్తితే పట్టుకుని లోపలికి తెచ్చింది సాలమోనే. అది అతని చెయ్యి కొరికింది. ఆ నొప్పికి కాదు గానీ, షెడ్డుకి వచ్చి తలుపేసుకుని కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు.

ఆ తర్వాత ఆ బెంచీల ముందు నుంచే నడిచి తను బోర్డు రాసిన గదిలోకి వెళ్ళాడు. ఇక ఎవరు చూస్తే ఏం? లోపల శారోన్ అనే అమ్మాయి, సలహాలు చెప్పే ఉద్యోగం. పరీక్ష అయ్యాక కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. ఉంది. ఒంటి తీరు చూస్తే చాలా ఏళ్ళదే అయ్యుంటుందని కూడా చెప్పింది.

"మరి ఏటా నెత్తురిచ్చేనండి. ఒక్కసారీ కబురెట్టలేదేంటండీ?"

ఆ అమ్మాయి రిజిస్టరు మూసి పక్కన పెట్టింది. "తేడా ఉన్న సంచి పక్కన పడేస్తారండి. అది ఎవరిదో వెతికి వాళ్ళకి చెప్పడం చాలా చోట్ల ఉండేది కాదండి. తెలుసుకోవాలంటే ఇక్కడికే రావాలండి."

"అయితే నేనిచ్చిందంతా..."

"పారబోసేసే ఉంటారండి."

ఎవరికీ ఎక్కించలేదు, అంతవరకు నయం. అయినా తన బతుకులో చెప్పుకోదగ్గ ఒక్క పనీ కాలవలో కలిసిపోయినట్టు అనిపించింది. అప్పుడు శారోన్ మామూలు గొంతుతో అడిగింది, "మగవాళ్ళతోనాండి?" ఇన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. సాలమోను తలూపాడు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పరీక్షలో తేలదనీ, మగవాళ్ళ మధ్య అయితే నిరోధ్ ఇంకా అవసరమనీ చెప్పింది. ఎంత చిన్న మాట! తను రాసిన గోడల్లో ఏ గోడ మీదైనా పట్టేది.

అక్కణ్ణించి తిన్నగా ఓడలరేవు వెళ్ళాడు. కడుపుతో ఉన్న భవాని పెరట్లో కూర్చుని ఉంది. నిలబడే చెప్పాడు, తనకి ఉందనీ, వీరబాబూ తనూ ఎన్నాళ్ళుగా ఎలా ఉన్నదీ.

"నాకెందుకు చెప్తన్నారండీ? నేను తేలేదని నాకు తెల్సు. మీరు ఆయ్ అన్న చోటికెళ్ళి చెప్పండి."

వెళ్ళాడు. వీరబాబు ఎవరిదో పెళ్ళికి మైకు కట్టడానికి పోయాడు, పిల్ల బడికెళ్ళింది. పైడమ్మ ఒక్కతే బియ్యం చెరుగుతోంది. "పిన్నీ, భవాని తేలేదు," అని మొదలుపెట్టి అంతా చెప్పేశాడు. ముసలావిడ చేట ఆపలేదు. ఆశ్చర్యపోనూ లేదు.

"మీ సంగతి నాకు ఎప్పుడో తెల్సు బాబూ. ఈ మాట ఇంకో గుమ్మంలో అన్నావంటే నా కొడుకు నూతిలో దూకుతాడు. దానికి పుట్టిల్లుంది. ఆడికేవుంది?"

పెద్దల ఇళ్ళు ఆ వీధిలోనే ఉన్నాయి. సాలమోను వాటి ముందు నుంచే నడిచాడు. వీరబాబు మొహం కళ్ళ ముందు మెదిలింది, తల్లి రాహేలమ్మ మొహం మెదిలింది. ఏ గేటూ తీయలేకపోయాడు. వీరబాబు ఆ తర్వాత షెడ్డుకి రాలేదు. ఫ్లెక్సీలు వచ్చి గోడరాతల పనీ పోయింది. సాలమోను ఒకరి దగ్గర తలుపులకి రంగులేసే పనిలో చేరాడు.

కాకినాడ పెద్దాసుపత్రిలో మందులు ఇవ్వడం మొదలయ్యాక ఒకనాడు అక్కడ భవాని కనిపించింది. ఒళ్ళో నిద్రపోతున్న పిల్లాడు. వాడికి లేదని తేల్చారట, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె మొహం వికసించింది. తర్వాత అడిగింది.

"చెప్పేరా?"

"చెప్పేనమ్మా. పైడమ్మ పిన్నికి."

"ఇంకెవరన్నా విన్నారా?"

"లేదమ్మా."

భవాని కోప్పడలేదు. కోప్పడితే బాగుండును.

"సాయిదుర్గకి ఏడేళ్ళొచ్చేయండి. మొన్న బడి దగ్గరికెళ్తే నన్ను చూసి పక్కకి తప్పుకుంది. నేను చెడిపోయి ఈ జబ్బు తెచ్చేనని అనుకుంటానే అది పెద్దదైపోద్ది."

లోపల్నుంచి ఆమె పేరు పిలిచారు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని వెళ్ళింది. కాసేపటికి సాలమోను పేరు కూడా పిలిచారు, రెండుసార్లు. అతను బెంచీ మీంచి లేవలేదు.