శత్రువుల ప్రాజెక్టు

మా టీం సగం శంషాబాద్‌లో, సగం జర్మనీలో. మేం మధ్యాహ్నం భోంచేసి కూర్చునేసరికి వాళ్లు పొద్దుటి కాఫీ కప్పులతో తెర మీదికొస్తారు. విమానాల్లో పోయే మందుల పెట్టెలు చల్లగా ఉన్నాయో లేదో కనిపెట్టి, వేడెక్కితే వెంటనే కబురు పంపే సాఫ్ట్‌వేర్ మాది. ఆ పెట్టెల్ని మోసుకుపోయే విమానాలు మా కిటికీలోంచి కనిపిస్తాయి, మీటింగులో వినిపిస్తాయి కూడా. ఒకటి లేచినప్పుడల్లా మైకు మూసి, అది పోయాక తెరిచి, ఆగిన మాట దగ్గర్నుంచి అందుకోవడం మాకు అలవాటైపోయింది.

పనిని రెండేసి వారాల విడతలుగా చేస్తాం. విడత మొదలయ్యే రోజున జర్మనీ వైపు టీం లీడ్ ఒక ప్రశ్న అడిగేవాడు. మనిషి మంచివాడే, కానీ ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండేది. "ఈ పని ఘోరంగా చెడిపోయిందనుకోండి. ఎందుకు చెడిపోయిందో ఒక్కొక్కరూ చెప్పండి." వాళ్లవైపు పోటీలు పడి చెప్పేవారు. సర్వర్ కూలిందని ఒకరు, డేటా పోయిందని ఒకరు, కస్టమర్ వెళ్లిపోయాడని ఇంకొకరు. పండగ వంటలు చెప్పుకుంటున్నంత హుషారు! మావైపు మాత్రం ఒక్కరు నోరు విప్పితే ఒట్టు.

ఎలా విప్పుతాం? శుభమా అని పని మొదలుపెడుతూ చెడిపోతుందనడం ఏమిటి, విడ్డూరం కాకపోతే! మా పొలంలో బోరు వేయిస్తున్నప్పుడు "నీళ్లు పడకపోతే?" అన్నందుకు మా నాయనమ్మ నన్ను గట్టు చివరిదాకా తరిమింది. నాతో పనిచేసేవాళ్లదీ ఈ చుట్టుపక్కలే. కొత్తూరు, మామిడిపల్లి, బడంగ్‌పేట్. ఎవరింట్లోనైనా ఇదే తీరు. అందరం చదువుకున్నవాళ్లమే, మాట అన్నంత మాత్రాన పని చెడదని తెలుసు. తెలిసినా నోరు రాదు. మేం మాట్లాడకపోతే, మాకు ఏ అనుమానమూ లేదు కాబోలని వాళ్లు రాసుకునేవారు.

అసలు చిక్కు మా టెస్టర్‌తో వచ్చింది. ఎక్కడ చెడిపోతుందో వెతికి పట్టుకోవడమే అతని ఉద్యోగం. కొత్తూరు దగ్గర రైతు కుటుంబం, నన్ను అక్కా అంటాడు. పని చేతికొచ్చాక తప్పులు పట్టడంలో రాక్షసుడు. మొదటిరోజు ప్రశ్నకు మాత్రం అందరికంటే గట్టిగా నోరు కుట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి అతను ముందే ఊహించి కూడా చెప్పని తప్పు కస్టమర్ దాకా వెళ్లింది. శంషాబాద్ వైపు బాధ్యత నాది కాబట్టి, జర్మనీ లీడ్ నాకు విడిగా ఫోన్ చేశాడు. "ప్రమాదాన్ని ముందే చెప్పని టెస్టర్ మనకెందుకు? ఇలాగే ఉంటే అతని పని ఇక్కడివాళ్లకు ఇచ్చేస్తాను" అన్నాడు.

నాకు తిక్క రేగింది. టెస్టర్‌ను కిందికి, చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయి దులిపేశాను.

"అది పోతదని నీకు ముందుగాలనే తెల్సు గదా? నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా? రేపు నీ పని గుంజుకుంటరు. అప్పుడు నా దగ్గరికొచ్చి ఏడ్వకు."

అతను గ్లాసు బండి మీద పెట్టేశాడు.

"అక్కా, మా ఆమెకు ఇప్పుడు ఆరో నెల."

"ఎరుకే. దానికీ దీనికీ ఏంది?"

"పోయినసారి కడుపుతోని ఉన్నప్పుడు స్కానింగ్‌కు పోతుంటే ఆటోల నేనే అన్న. గుండె చప్పుడు ఇనవడకుంటే ఎట్ల అని. ఊకెనే, నవ్వులాటకు అన్న. జరసేపటికి దవాఖానల డాక్టరమ్మ గదే మాట చెప్పింది." "నా మాటతోని గాలేదని నాకూ తెల్సు. గని మా ఆమె ఇప్పటిదాంక ఆ ముచ్చటే ఎత్తలే. మనసుల ఏం పెట్టుకున్నదో ఏమో. గప్పటిసంది నాకు చెడు మాట నోట్లకెల్లి వస్తలేదక్కా. ఏ పనికైనా సరే, వస్తలేదు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. తిట్టిన నోటితోనే "చాయ్ సల్లారుతున్నది, తాగు" అన్నాను. జర్మనీ లీడ్‌కు ఈ సంగతి చెప్పనా అంటే, ఇంట్లో ముచ్చట వాళ్లకెందుకని వద్దన్నాడు.

ఇంటికి పోతుంటే, చిన్నప్పుడు మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉన్న ఉర్దూ టీచరమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకు జ్వరమొస్తే ఆమె గడప దగ్గర నిలబడి, "మీ దుష్మన్ల తబియత్ ఖరాబైందట, ఇప్పుడెట్లుంది?" అని అడిగేది. మీ శత్రువులకు ఒంట్లో బాగాలేదట అని. రోగం పేరు ఎదుటిమనిషి మీద పడకుండా వాళ్ల శత్రువుల మీదికి నెట్టే మర్యాద అది.

తర్వాతి విడత మొదలైన రోజున తెర మీద "శత్రువుల ప్రాజెక్టు" అని రాశాను. "అచ్చం మనలాంటి సాఫ్ట్‌వేరే మన శత్రువులూ చేస్తున్నారు. వాళ్లది ఎలా తగలబడుతుందో చెప్పండి" అన్నాను. బడంగ్‌పేట్ అమ్మాయి ముందుగా నవ్వి ఒకటి చెప్పింది. ఇక మావాళ్లను ఆపడం నా తరం కాలేదు. టెస్టర్ అయితే శత్రువును చీల్చి చెండాడాడు. జర్మనీ లీడ్ పాపం కలం పట్టుకుని, "ఈ శత్రువులది ఏ కంపెనీ?" అని అడిగాడు. సంగతి విప్పి చెబితే పడీ పడీ నవ్వాడు.

అయినా టెస్టర్ విషయం మాత్రం తేల్చలేదు. "మనలో మనకు ఇది బాగానే ఉంది. కానీ కస్టమర్ ముందు శత్రువుల కథ చెప్పలేం కదా. అక్కడ అతను మాట్లాడగలడా?" అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. కొత్త రిలీజ్ వదలాలా వద్దా అన్న మీటింగు. కస్టమర్ మనుషులు కూడా కూర్చున్నారు. ఆ పొద్దున టెస్టర్‌కు ఒక తప్పు కనబడింది. పెట్టె ఒక దేశపు గడియారం నుంచి ఇంకో దేశపు గడియారంలోకి మారినప్పుడు, వేడెక్కిందన్న కబురు గంటలు ఆలస్యంగా వచ్చింది. మళ్లీ ఎంత ప్రయత్నించినా ఆ తప్పు కనబడలేదు. రుజువు లేదు, అతని అనుమానం తప్ప. ఇంట్లో భార్యకు తొమ్మిదో నెల.

"వదలొచ్చా?" అని కస్టమర్ అడిగాడు. జర్మనీ లీడ్ టెస్టర్ పేరు పిలిచాడు. సరిగ్గా అప్పుడే మా నెత్తి మీంచి విమానం లేచింది, టెస్టర్ మైకు మూశాడు. ఇక తెరవడేమో అనుకున్నాను. చప్పుడు సద్దుమణిగాక తెరిచాడు.

"వదలొద్దు" అన్నాడు. "ఇది మన తప్పే. వదిలితే చెడిపోతుంది. వేడెక్కిన మందు ఎవరికైనా ఎక్కిస్తే ఆ మనిషి చనిపోవచ్చు."

రిలీజ్ ఆగిపోయింది. "ఇతని పని ఎక్కడికీ పోదు" అని జర్మనీ లీడ్ నాకు మెసేజ్ పెట్టాడు. అది చూపిద్దామని తిరిగేసరికి కుర్చీలో టెస్టర్ లేడు. మెట్ల దగ్గర ఫోన్ చేస్తున్నాడు. అవతల ఎత్తడం లేదు. మళ్లీ చేశాడు. చివరికి ఆమె ఎత్తింది. స్పీకర్ మీద పడ్డట్టుంది, నాకూ వినబడింది.

"బట్టలారేస్తున్న. ఏందట్ల రొప్పుతున్నవ్?"

"ఇయ్యాల మీటింగుల చెడు మాట అన్న" అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా. "అనక తప్పలే. నువ్వు మంచిగున్నవా?"



"నేను మంచిగున్న. కడుపుల పిల్ల మంచిగుంది" అందామె. "గప్పుడు గూడ నువ్వన్నందుకు గాలేదయ్యా. ఆ ముచ్చట తీస్తే నువ్వు బాధపడతవని ఊకున్న. గంతే."