చీటీ కింద పేరు

జనన మరణాల ఆఫీసు రికార్డు గదిలోకి ఆవిడ అడుగుపెడితే గుమాస్తాలు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. ఆవిడకు వాళ్లు పెట్టుకున్న పేరు అద్దాల టీచరు. ముప్పై రెండేళ్లు పిల్లల చేత డ్రిల్లు చేయించి రిటైరైంది. ఇప్పుడు జనాల పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీయడం ఆవిడ పని. చేతిసంచీలో ఎప్పుడూ ఓ చిన్న అద్దం ఉంటుంది. ఈ వయసులో సోకులేమిటని గుమాస్తాలు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ, వాళ్లకు వేరే పనేముంది కనక.

ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభైమందికి నిజం అక్కర్లేదు. మొన్నొక పళ్ల డాక్టరు వచ్చి, తమ వంశానికి మూలపురుషుడు సేనాపతి అని, ఆ కాగితం వెతికిపెట్టమని తిష్ట వేశాడు. మూడు వారాలు దుమ్ము మింగి వెతికితే, ముత్తాత బండిచక్రాలు చేసిన వడ్రంగి అని తేలింది. డాక్టరు మొహం మాడ్చుకుని, ఇంకాస్త వెనక్కి వెళ్లి చూడమన్నాడు. ఇంకా వెనక్కి వెళ్తే కోతులొస్తాయి నాయనా అని ఆవిడ గుమ్మం చూపించింది.

అలాంటి ఆవిడ దగ్గరికి, ఆవిడ జాకెట్లు కుట్టే టైలరు కూడా ఒకనాడు ఇదే పని మీద వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి. రెండేళ్లప్పుడు అతన్ని అనాథాశ్రమం నుంచి దత్తత తెచ్చుకున్నారట. ఆ సంగతి పెంచిన తల్లే చిన్నప్పుడు చెప్పింది. తర్వాత ఆమెకు ఇంకో కొడుకు పుట్టాడు. ఇక అప్పటినుంచీ టైలరుది ఒకటే పాట, వాడు కన్నకొడుకు, నేను తెచ్చుకున్నవాణ్ణి అని. ఇప్పుడు ఆ ముసలమ్మ తమ్ముడింట్లో మంచం పట్టింది. ఎక్కువ రోజులు బతకదని, వచ్చి చూసి పొమ్మని తమ్ముడు నాలుగుసార్లు కబురు పెట్టాడు. ఈయనగారు తొమ్మిదేళ్లుగా ఆ గడప తొక్కలేదు.

"నన్ను కన్నదెవరో ముందు తేలాలి టీచరుగారూ. అప్పటిదాకా ఆ ఇంటికి వెళ్లేది లేదు. ఏనాడూ నన్ను దగ్గరికి తీసుకోలేదావిడ. కన్నతల్లయితే అలా ఉంటుందా చెప్పండి."

"అరవై ఏళ్లొచ్చాయి, ఇంకా ఒళ్లో కూర్చోబెట్టుకోలేదని ఏడుస్తున్నావా? అక్కడ ఆవిడ ప్రాణం మీదికొస్తే ఇక్కడ నీ అలకలా?"

టైలరు మెడలోని టేపు మెలితిప్పుతూ తల వంచుకున్నాడు. ఆవిడకు ఒళ్లు మండింది. అయినా ఆ ముసలమ్మ కళ్లు మూసేలోగా ఈ మొండిఘటం కదలాలని పని ఒప్పుకుంది.

ఆ ఆఫీసులో దత్తతకు ఒక పద్ధతి ఉండేది. బిడ్డను ఎవరైనా తీసుకుంటే, జననాల పుస్తకంలో కన్నవాళ్ల పేర్ల మీద తెల్లచీటీ అంటించి, పెంచేవాళ్ల పేర్లు దాని మీద రాసేవారు. చీటీ పీకడం నేరం. ఆ మాట చెప్పడానికే పుట్టినట్టు, "రూలు ఒప్పుకోదు మేడం" అన్నాడు గుమాస్తా. పుస్తకాల మీద టీ గ్లాసు పెట్టకూడదన్న రూలు మాత్రం అతనికెవరూ చెప్పినట్టు లేదు.

"నీ చీటీ నేను ముట్టుకోనులే" అంటూ ఆవిడ పేజీ తిప్పింది. పాతకాలం గుమాస్తాలు పాళీతో కాగితం చిరిగేలా నొక్కి రాసేవాళ్లు, సిరా వెనక్కి దిగేది. పేజీకి వెనకవైపు కూడా ఒకటి ఉంటుందని చీటీలు అంటించిన మేధావులకు తోచలేదు. అక్కడ తిరగబడి కనిపిస్తున్న అక్షరాలకు అద్దం పట్టి, కిటికీ వెలుగులో ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. తల్లి పేరు ఉంది. వయసు పంతొమ్మిది. తండ్రి గడిలో గీత.

పేజీ మళ్లీ ముందుకు తిప్పి చీటీ చూసింది. పెంచిన తల్లిదీ అదే పేరు. ఒకే పేరు ఇద్దరికి ఉండకూడదా అని దత్తతల పుస్తకం కూడా తెప్పించింది. బిడ్డను అప్పగించినవారు అన్నచోట ఒక సంతకం, రెండేళ్ల తర్వాత బిడ్డను తీసుకున్నవారు అన్నచోట ఒక సంతకం. రెండింట్లోనూ చివరి అక్షరానికి అదే కొక్కెం లాంటి తోక. రెండూ ఒక్క చేతివే.

పెళ్లికాకుండా కని, అప్పగించి, పెళ్లయ్యాక తన బిడ్డను తనే అనాథ పేరుతో తెచ్చుకుంది. ఎక్కువ ముద్దు చేస్తే ఎక్కడ పట్టుబడతానోనని దూరంగా ఉంచింది. కన్నబిడ్డను కన్నానని చెప్పుకోనివ్వని ఆ పెద్దమనుషుల పరువుకు టీచరు మనసులో ఒక నమస్కారం పెట్టింది. రెండు సంతకాలూ కళ్లెదుట పెట్టుకుని నింపాదిగా చీటీ అంటించిన ఆ గుమాస్తాకు ఇంకొకటి పెట్టింది.

నేరుగా టైలరు కొట్టుకు వెళ్లింది. "నీ కన్నతల్లి దొరికిందయ్యా. మీ తమ్ముడింట్లో మంచం మీదుంది. తొమ్మిదేళ్లూ భలే సాధించావులే."

రెండు సంతకాల సంగతీ విడమరిచి చెప్పేదాకా అతనికి ఎక్కలేదు. ఎక్కాక కుట్టుమిషను మీద తల ఆనించుకుని చాలాసేపు ఏడ్చాడు. "మీరూ రండి టీచరుగారూ. ఒక్కణ్ణే ఆ గడప తొక్కలేను" అన్నాడు.

వాళ్లు వెళ్లేసరికి తమ్ముడు మంచం పక్కనే ఉన్నాడు, మరదలు గుమ్మంలో నిలబడింది. టైలరు ఆగలేకపోయాడు.

"అమ్మా, పుస్తకంలో నీ పేరే ఉందట. నన్ను కన్నది నువ్వేనట."

ముసలమ్మ చిన్నకొడుకు వైపు చూసింది. కోడలి వైపు చూసింది. "ఎవరో తప్పు రాసుంటారు. నిన్ను ఆశ్రమం నుంచే తెచ్చుకున్నాం" అంది.

ఎనభై ఏళ్లొస్తున్నా వదలని భయం. టీచరుకు నోటిదాకా వచ్చింది, సంతకాలు నేను చూశానమ్మా అని. అంతలో టైలరే అందుకున్నాడు.

"అవునమ్మా, తప్పే అయుంటుంది." మంచం మీద కూర్చుని ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకున్నాడు. ఈపాటి బుద్ధి ఈ మనిషిలో ఉందని టీచరు అనుకోలేదు.

కాసేపటికి తమ్ముడు మందులకని బయటికి వెళ్లాడు, మరదలు పాలు కాచడానికి లోపలికి వెళ్లింది. ముసలమ్మ తలుపు వైపు చూసి, పెద్దకొడుకును దగ్గరికి రమ్మని సైగ చేసింది. అతను వంగితే తల మీద చెయ్యి వేసింది.

"కడుపులో అడ్డం తిరిగావురా" అంది. "రెండు రోజులు చంపుకుతిన్నావు నన్ను."