పెళ్ళాం ఉన్న ఫాదర్‌కి పాపాలు ఎవరు చెప్పుకుంటారు?

మా చిన్నప్పుడు శనివారం పొద్దువాలితే చాలు, అమ్మ ముక్కాలిపీట పట్టుకెళ్ళి చర్చి గేటు బయట నలుగురికీ కనపడేలా కూర్చునేది... ఒళ్ళో చేట, చేటలో ఎండుమిరపకాయలు. గుడి వైపు వీపు పెట్టి తొడిమలు తీసేది.

గుడిలో నాన్న పాపసంకీర్తనం వినడానికి ఒక్కడే కూర్చుని ఉండేవాడు. అక్కడ విన్నది ఫాదర్ ఎవరికీ చెప్పకూడదు. అయినా చెప్పుకోవడానికి ఎవరూ వచ్చేవారు కాదు.

కారణం అమ్మే. మా నాన్న పెళ్ళైన ఫాదర్ మరి...

అసలు నాన్న చీరాల దగ్గర ఒక ప్రొటెస్టెంట్ సంఘానికి పాస్టర్. ఏవేవో లావుపాటి పుస్తకాలు చదివి చదివి, తాను కేథలిక్ అవుతున్నానని ఒకరోజు సంఘం ముందు చెప్పేశాడు. "ఏం ఆశ చూపించారో" అన్నారు కొందరు. "ఫాదర్లకి పెళ్ళాలుండరుగా, అమ్మగారిని పుట్టింటికి పంపించేస్తాడేమో" అన్నారు ఇంకొందరు. ఆ మాట విన్నాక చాలా రోజులు అమ్మ ట్రంకుపెట్టె మీద ఓ కన్నేసి ఉంచాను.

పాస్టర్‌గారి ఇల్లు ఖాళీ చేసి ఒంగోలులో ఒక గది అద్దెకు తీసుకున్నాం. అమ్మ జాకెట్లు కుట్టేది. నాన్న ప్రసంగాలు మానేసి, గుడిలో అందరితోపాటు చాప మీద కూర్చుని పూజ చూసేవాడు, మళ్ళీ చదువుకునేవాడు. పెళ్ళైనవాడు కాబట్టి రోమ్ నుంచి ప్రత్యేకంగా అనుమతి రావాలట, దానికి ముందు అమ్మ ఒప్పుకోవాలట. బిషప్‌గారు ఇంటికొచ్చి అడిగితే అమ్మ "సరేనండి" అంది. ఆ సరేలో ఇష్టమెంతో, విసుగెంతో... నాకిప్పటికీ అనుమానమే.

ఏళ్ళు గడిచాక నాన్న ఫాదర్ అయ్యాడు. గుంటూరు వైపు మిరప పండించే ఒక ఊరికి వేశారు.

పూజకు జనం బాగానే వచ్చేవారు. పాపాలు చెప్పుకోవడానికి మాత్రం నెలకోసారి పక్క ఊరి నుంచి వచ్చే పెద్ద ఫాదర్ కోసం ఆగేవారు. "మొగుడన్నాక అన్నం తినేటప్పుడు పెళ్ళానికి చెప్పకుండా ఉంటాడా ఏంది" అని బోరింగు దగ్గర అనుకునేవారు... నేను వింటున్నానని తెలిసే. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానంగానే ఉండేది. అన్నాలప్పుడు చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. వాళ్ళిద్దరూ ఉప్పూ పప్పూ కరెంటు కోతల గురించే మాట్లాడుకునేవారు.

నాన్న చిక్కిపోయాడు. "నమ్మకం లేనిచోట నేనెందుకు? మానేస్తానని బిషప్‌గారికి చెప్పేస్తా" అన్నాడొకరోజు.

అమ్మ మండిపడింది. "అక్కడ ఉన్న ఇల్లు వదులుకొని వచ్చాం. ఇక్కడా మానేస్తే మనల్ని ఎవరు రానిస్తారు?"

ఆ వారమే అమ్మ నన్ను వెంటబెట్టుకుని పక్క ఊరికి బస్సెక్కింది. బస్సులో మా ఊరి అన్నమ్మ కనబడింది. నాన్నను అనుమానించేవాళ్ళలో అందరికంటే ముందుండే మనిషి ఆవిడ.

"ఎక్కడికమ్మా?" అంది.

"పెద్ద ఫాదర్ దగ్గరికి, పాపసంకీర్తనానికి."

"ఇంట్లోనే ఫాదర్ ఉంటే ఇంత దూరం ఎందుకు?"

"నా పాపాలన్నీ ఆయన్ని తిట్టుకున్నవేగా అన్నమ్మక్కా... ఆయనకెట్టా చెప్పుకోను?" అంది అమ్మ. "ఆయన మాత్రం నాకేం చెప్తాడు? గుడి సంగతి ఒక్క ముక్క చెప్తే ఒట్టు. అడిగీ అడిగీ నాకే విసుగొచ్చింది."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. అన్నమ్మ నవ్వలేదు. అబద్ధమేమోనని అమ్మ మొహంలోకే చూస్తూ కూర్చుంది.

తర్వాతి శనివారం అన్నమ్మ వచ్చింది. అమ్మ గేటు బయటే ఉందని చూసుకుని మరీ లోపలికెళ్ళింది. ఆమె వెనక మెల్లమెల్లగా ఒకరూ ఇద్దరూ... కొన్నాళ్ళకి వరస కట్టారు. నాన్న మళ్ళీ మానేస్తానని అనలేదు.

పోయినేడాది నాన్న కాలం చేశాడు. ఊరంతా వచ్చింది. ఒకమ్మాయి అయితే శవపెట్టె పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. అందరూ వెళ్ళాక అమ్మ నన్ను అడిగింది, "ఆ పిల్ల అంతలా ఎందుకేడ్చిందే?" అని.

నాకు తెలియదు. అన్నేళ్ళు ఆయన కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్న అమ్మకూ తెలియదు. నాన్నను అనుమానించినందుకు ఆ క్షణం నాకు ఏడుపు ఆగలేదు...

ఇప్పుడు పొద్దున ఇంట్లో అన్న మాట మధ్యాహ్నానికి పది గ్రూపుల్లో తిరుగుతోంది. మీ గుట్టు తనతోనే తీసుకెళ్ళిపోయిన మనిషి మీకెవరైనా ఉన్నారా? పేరు వద్దు... ఉన్నారని మాత్రం చెప్పండి, చాలు.