అండాలమ్మ చేతి మీద పడిన నింద

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మూఢనమ్మకాల మీద ఎన్నో వ్యాసాలు రాశాను, ఎన్నో వేదికల మీద వాదించాను. ఆ మాట మాత్రం బయటికి రాలేదు. మీరు నన్నెరగరు కనుక మీకు చెబుతున్నాను.

మునుగుతున్న కంపెనీల ఆర్థిక వ్యవహారాలు చక్కబెట్టడం నా ఉద్యోగం. నా చేతిలో పెడితే బతుకుతుందని పేరు. ఇబ్రహీంపట్నం దగ్గరి అట్టపెట్టెల ఫ్యాక్టరీ వాళ్లూ అలాగే పిలిచారు. కొత్త షెడ్డు మూసి, ఆ స్థలం అమ్మితే తప్ప మిగతాది నిలవదని తేల్చాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ సంగతి చెబితే షెడ్డులోని పనివాళ్లు గేటు ముందు కూర్చుంటారు. అందుకని యజమానికి ఒక ఉపాయం చెప్పాను. వాస్తు పండితుణ్ని పిలిపించండి, ఈశాన్యంలో ఆ షెడ్డు అరిష్టమని చెప్పించండి అని. చెప్పింది నేనే. ఆ వారంలోనే శేరిగూడ కాలేజీలో వాస్తు బూటకమని గంటసేపు మాట్లాడాను. ఒకే నోటికి రెండూ ఎలా వచ్చాయో నాకు అర్థం కాదు.

గొడవ జరగలేదు. పని పోయినవాళ్లు తలలు వంచుకుని వెళ్లారు. అయితే అరిష్టం అన్నాక జనం దానికొక మనిషిని వెతుకుతారని నాకు తోచలేదు. షెడ్డు మొదలైన రోజు, చేతివాసి మంచిదని, మొదటి మిషన్ అక్కడ పనిచేసే అండాలమ్మతో ఆన్ చేయించారు. కందుకూరు వైపు ఆమె ఊళ్లో మొదటి విత్తనాలు కూడా ఆమెతోనే చల్లించేవారట.

ఒకరోజు నా గదికి వచ్చింది.

"సార్, గిసొంటియన్నీ అబద్ధమని మీరు రాస్తరట గదా. జర నిజం చెప్పుండ్రి. నేను మిషన్ ఒత్తినందుకే షెడ్డు మునిగిందా?"

"ఎవరన్నారు?"

"అందరు. బస్సుల నా పక్కన కూసుంటే టైరు పంచరైతదట." నవ్వబోయింది, రాలేదు. "కోడలికి నెలలు నిండినయ్. పుట్టే పిల్లను ఎత్తుకోవాల్నా, వద్దా? మీరెట్లంటే గట్ల."

కాదు అని ఒక్క ముక్క చాలు. కానీ స్థలం రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు; నిజం పొక్కితే పనివాళ్లు గేటు ముందుకొస్తారు, అమ్మకం ఆగిపోతుంది.

"ఇలాంటివి ఎవరికి తెలుసు అండాలమ్మా," అన్నాను.

"అవ్ సార్," అంది. చేతులు కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

మనవరాలు పుట్టిందని, ఆమె ఎత్తుకోలేదని తర్వాత విన్నాను.

ఫ్యాక్టరీ ఇవాళ్టికీ నడుస్తోంది. అక్కడ మిగిలిన కుటుంబాలను నిలబెట్టింది నా అబద్ధమేనా? నిజం చెబితే వినేవాళ్లేమో, అసలు ఒక్కసారైనా చెప్పి చూశానా? పదిమంది అన్నం కోసం ఒకరి మనసు విరిచానని సర్దిచెప్పుకోవడం, నేను జీవితమంతా ఎగతాళి చేసిన బలి తర్కమే కదా? తెలియడం లేదు.

ఆమెను కలిసే ధైర్యం నాకింకా రాలేదు. నా పేరు పెట్టకుండా రాయడమూ పిరికితనమే. అయినా ఈ ఒక్కటి కాగితం మీద పెడితే ఊపిరి కొంచెం ఆడుతోంది: ఆ షెడ్డు అండాలమ్మ చేతి వల్ల మునగలేదు. నేను మూయించాను.